పిగిలిపిట్టల పూచీ నాది

మార్చి 22, ఉదయం 6.20
వరండా దీపం గొడుగులో పిగిలిపిట్టల జంట గూడు కట్టేసింది! కురునేగల ఊరంతా వదిలేసి మా ఇల్లే నచ్చింది వాటికి. ఇక వాటి ఆరోగ్యం నా పూచీ.
నిర్ణయాలు: పిల్లలు ఎగిరేదాకా ఆ దీపం వెలిగించను. పెరట్లో పిట్టల నీళ్ళ గిన్నె రోజూ తోమి, వేణ్ణీళ్ళతో కడిగి, కొత్త నీళ్ళు పోస్తాను. మిగిలిన అన్నం విసరను, కాకులు చేరతాయి. మా పిల్లి కళూ ఇంట్లోనే. గూట్లోకి తొంగి చూడను, చూడను, చూడను.
మా ఆవిడ కుసుమ చదివి నవ్వింది. "తాగిన టీ కప్పే ఇంతవరకు కడగలేదు కదండీ మీరు!"
డిపోలో ముప్ఫై ఏళ్ళు బస్సులకు టైము రాసినవాణ్ణి. గిన్నె కడగలేనా?

మార్చి 26
గిన్నె: ఐదు రోజులు, ఐదు సార్లు. భేష్!
గుడ్లు రెండు. గులాబీ రంగు మీద ఎర్ర చుక్కలు. తొంగి చూడలేదు. గడ్డం గీసుకునే అద్దాన్ని కర్రకు కట్టి చూశాను. దాన్ని తొంగి చూడటం అనరు. తనిఖీ అంటారు.

ఏప్రిల్ 3
నిన్నటి నీళ్ళు ఇవాళ కూడా నీళ్ళలాగే ఉన్నాయి. కడగలేదు. మోకాలి నొప్పి. ఎడమది. కాదు, కుడిది.

ఏప్రిల్ 7
పిల్లలు! రెండూ! తనిఖీలు: పొద్దున మూడు, మధ్యాహ్నం రెండు. తల్లి వచ్చి నా బట్టతల మీద పొడిచింది. పరిచయం పెరుగుతోంది.

ఏప్రిల్ 13
మా సింహళ కొత్త సంవత్సరం హడావుడి. పక్కింటి హేమమాలి టీచర్ పిండివంటల పళ్ళెంతో వచ్చి పెరట్లోనే ఆగిపోయింది.
"తిలకసిరి మహత్తయా, ఇది గిన్నెనా, దోమల బడా?"
వంగి చూశాను. బడే. తరగతులన్నీ నిండిపోయాయి.
"మా జామచెట్టు మీద ఒక పిగిలిపిట్ట తిరుగుతోంది. కంటి చుట్టూ కురుపులు. ఈ గిన్నెలోనే స్నానం చేస్తోంది. మీ పిల్లలకీ అంటుకుంటే?"
"సాయంత్రం కడిగేస్తాను టీచర్."
సాయంత్రం పుణ్యవేళ మొదలైంది. పొయ్యి కూడా వెలిగించకూడదు, ఏ పనీ ముట్టకూడదు. గిన్నె కడగడమూ పనే కదా. ఇంత భక్తి నాలో ఉందని నాకే తెలియదు.

ఏప్రిల్ 16
మూడు వారాల జైలు. తలుపు దగ్గర కళూ ఒకటే ఏడుపు. "రెండు నిమిషాలే" అని వదిలాను. వదిలి, స్టూలెక్కి అద్దం పైకెత్తాను. పిల్లలు బెదిరాయి. ఒకటి గూట్లోంచి దూకేసింది. ఎగరడం ఇంకా రాదు దానికి. నేల మీద పడింది. నేను స్టూలు దిగేలోగా కళూ వచ్చేసింది.
అంతే.
తల్లీ తండ్రీ చీకటి పడేదాకా కరెంటు తీగ మీద అరుస్తూనే ఉన్నాయి. మల్లెపాదులో పూడ్చాను. కుసుమ స్టూలు తీసి లోపల పెట్టేసింది.
ఇక్కడ మొదట "పిల్లి చంపేసింది" అని రాశాను. కొట్టేశాను. పిల్లి కాదు. నేను.

ఏప్రిల్ 17
మరిగే నీళ్ళతో గిన్నె కడిగి ఎండలో పెట్టాను. టీచర్ అంది: "జబ్బు పిట్ట తిరుగుతోంది కదా, రెండు వారాలు బోర్లించే ఉంచండి." నా శక్తికి తగ్గ పని ఇన్నాళ్ళకు దొరికింది.

ఏప్రిల్ 20, ఉదయం 7.10
కుసుమ కేక: "ఎగిరింది! కొమ్మ మీద కూర్చుంది! రండి!"
వెళ్ళలేదు. స్నానాలగదిలో తలుపేసుకుని, కళూను ఒళ్ళో అదిమి పట్టుకుని కూర్చున్నాను. గోళ్ళు దిగుతున్నా వదల్లేదు.
కుసుమ తలుపు దగ్గరికొచ్చి మెల్లిగా చెప్పింది. "తోక ఇంకా పొట్టిగానే ఉందండీ. తల్లి పురుగు తెచ్చి పెడుతోంది."
ఈ నెలలో నేను చూడనిది అదొక్కటే. సరిగ్గా చేసిందీ అదొక్కటే.

మే 2
పెరట్లో బట్టలతాడు చివర తేనెపిట్ట గూడు అల్లుతోంది!
"మరి బట్టలెక్కడ ఆరేసేది?" అంది కుసుమ.
"ఆ వైపు ఎవరూ వెళ్ళొద్దు. నా లుంగీ నేనే ఆరబెట్టుకుంటాను."
ఇవాళ్టి నుంచే. తనిఖీలు పూర్తిగా బంద్.
3.10: తడి లుంగీ భుజాన వేసుకుని వీధి గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. పెరటి వైపు వీపు.
4.40: లుంగీ ఆరింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.
4.41: ఒక్కసారి.