గడప మీద మడమ

గద్వాల,
ఫిబ్రవరి 2007

పుణెలో ఉన్న మీకు నమస్కరించి సత్యమ్మ రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, మీ తమ్ముడు మల్లేశ్ క్షేమం. మీరూ వేళకు తింటూ బాగున్నారని తలుస్తాను. నా సంగతి ఫోన్లో చెబుదామంటే సెల్లు మల్లేశ్ చేతిలో ఉంటుంది, అత్తమ్మ చెవి దాని పక్కనే ఉంటుంది. అందుకే ఉత్తరం.

గడప మీద నిలబడడం మానెయ్యమని పోయిన ఉత్తరంలో రాశారు. అక్కడ మీ మేస్త్రీ పని ఆపేయడం కూడా నావల్లేనని అత్తమ్మ చెబితే నమ్మారట. ఎందుకు నిలబడ్డానో మీరు అడగలేదు కాబట్టి నేనే చెబుతాను.

దసరా నుంచి మగ్గం గుంటలో కూర్చుని చెక్కలు తొక్కీ తొక్కీ కుడి మడమ వెనక నరం వాచింది. పొద్దున లేచి కాలు నేల మీద పెడితే ప్రాణం పోయినట్టుండేది. అత్తమ్మ గట్టిగా మాలిష్ చేయిస్తే ఇంకా వాచింది. చివరికి దవాఖానలో ఫిజియోథెరపీ చేసే ఇరమ్ మేడం చూసింది.

"మెట్టు అంచు మీద మునివేళ్లు ఆనిచ్చి, మడమ మెల్లగ కిందికి దించాలె. జర నొప్పి లేస్తది, పరేషాన్ గాకు. రోజూ చేస్తె నయమైతది" అంది.

మన ఇంటికి మెట్టెక్కడుంది? ఉన్నదల్లా గడపే. తలుపు పట్టుకుని దాని మీదే మొదలుపెట్టాను. మూడో రోజు అత్తమ్మ చూసింది.

"లచ్చిమి ఉండే గడపను తొక్కుతున్నవా? నా కొడుకు ఆడ కష్టపడుతుండు, నువ్వు ఈడ గిట్ల చేస్తవా?" అని వాడకట్టంతా వినేలా అరిచింది.

నేను దిగిపోయాను. అప్పుడే మీ ఫోన్ వచ్చింది. మన ఇంట్లో సిగ్నల్ అందేది ఆ గడప మీదే కదా, మల్లేశ్ ఎక్కి నిలబడి మీతో చాలాసేపు మాట్లాడాడు. అత్తమ్మ అతనికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. గడపకు మల్లేశ్ కాలు బరువు కాదు, నా కాలే బరువు.

పక్కింటి సకీనాబీకి రెండు రాతి మెట్లున్నాయి. అడిగితే, "మా మెట్లకేమైతది? రోజూ రా" అంది. ఏడుస్తూ దించాను, పళ్లు బిగబట్టి లేపాను. చలికాలమంతా చేశాను. అక్కడికి వెళ్లినందుకు కూడా అత్తమ్మ మాటలు పడ్డాను. అవి రాస్తే కాగితం చాలదు.

ఇక ఇంట్లో ఎవరికీ చెప్పని మాట. నా కాలు బాగైంది. ఇంట్లో మాత్రం ఇంకా కుంటుతూనే ఉన్నాను. దవాఖానకని చెప్పి, మగ్గాలు నడిపే పుష్పమ్మ ఇంటికి వెళ్లి కూలికి నేస్తున్నాను. మధ్యలో లేచి కాలు చాపుకోమని ఆమే చెబుతుంది. మన మగ్గం మీద సగం చీర అట్లాగే ఉంది. ఈ ఉత్తరం మీకు చేరేలోపు అత్తమ్మకు నేనే చెప్పేస్తాను, కుంటడం కూడా ఆపేస్తాను. ఆ చీర మల్లేశ్ నేస్తాడో, మీరే వచ్చి నేస్తారో మీ ఇష్టం. నేను మాత్రం ఆ గుంటలోకి దిగను.

మగ్గం మళ్లీ ఎప్పుడు ఆడుతుందని మీ ఉత్తరంలో రెండు చోట్ల అడిగారు. కాలు ఎట్లుందని ఎక్కడైనా అడిగారేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాను.

ఇట్లు,
కాలు నయమైన మీ భార్య,
సత్యమ్మ