సర్జరీ ఖాళీ

పుయెబ్లా

ఎఫ్రాయిన్ మావయ్యకు,

మీ ఫోను ఎత్తనందుకు క్షమించండి. స్పెషాలిటీ పరీక్షకు పేరిచ్చేటప్పుడే శాఖ ఎంచుకోవాలి, తరవాత మార్చనివ్వరు. అందుకని ఒక్కో సీటుకు ఎందరు పోటీపడతారో పాత లెక్కలన్నీ తిరగేశాను. ఈసారి సర్జరీకే పోటీ తక్కువని తేలింది. అదే ఎంచుకున్నాను. ఈ సంగతి నా స్నేహితురాలు ఇట్సెల్ ఒక్కదానికే చెప్పాను.

గడువు ముగిశాక, టాకోల బండి దగ్గర మా క్లాసు రూబెన్ నా చెవిలో, "ఒరేయ్, సర్జరీ ఖాళీరా! మేమంతా అదే పెట్టాం. ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"నీకెవడు చెప్పాడ్రా?"

"ఇట్సెల్."

అమ్మ అప్పుడే తెల్లకోటు జేబు మీద 'సర్జన్' అని కుట్టించి ఇరుగుపొరుగుకు చూపిస్తోంది. ఆమెకు మీరే ఎలాగోలా చెప్పండి, నావల్ల కాదు.

మీ మేనల్లుడు

తా.క. ఇట్సెల్ పిల్లల వైద్యం ఎంచుకుంది. అక్కడ ఇప్పుడు నిజంగానే ఖాళీ.