అయ్యగారు అర్థం చెప్పిన భాష

అయ్యగారికి వందనాలు.

మీ ఎదుట నిలబడి చెప్పలేక రాస్తున్నాను. పోయిన ఆదివారం ప్రార్థన కూటంలో నా నోట వచ్చింది పరిశుద్ధాత్మ పలికించే అన్యభాష కాదు. నేను ఎల్ఫుల కథ రాస్తున్నాను. ఇంగ్లీషు కథల్లో మొనదేలిన చెవులతో, చావు లేకుండా అడవుల్లో బతుకుతారే, వాళ్లే. వాళ్ల కోసం మూడేళ్లుగా ఒక భాష అల్లుతున్నాను. అందరూ కళ్లు మూసుకున్నారు కదా అని మనసులో తిరిగే ఆ భాష వాక్యం ఒకటి పైకి అన్నాను. మా అవ్వ రెబెక్కమ్మ విని "స్తోత్రం" అంటూ ఏడ్చింది. ఆమె మొహం చూసి మళ్లీ అన్నాను. ఆ తప్పు నాదే.

కానీ దానికి అర్థం చెప్పింది మీరు. "అబిగయీలు కడుపుకి కత్తి తగలనీయొద్దని ప్రభువు మాట" అన్నారు. నా నోటుబుక్కులో ఆ వాక్యానికి "వాన రాకముందే పడవను ఒడ్డుకు లాగండి" అని రాసి ఉంది.

వచ్చే సోమవారం నెల్లూరులో అబిగయీలక్కకు ఆపరేషను. కడుపులో గడ్డ పగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పినాడంట. నిన్న మా ఇంటికొచ్చి, "దేవుడే వద్దన్నాక డాక్టరెందుకులే పాపా" అని నా చేతులు కళ్లకద్దుకుంది. నిజం చెప్పాను. నోటుబుక్కు చూపించాను. "సైతాను నీ చేత అట్లా అనిపిస్తా ఉండాడు, అయ్యగారు చెప్పినాక ఇంకేముంది" అనింది.

మీరు చెబితేనే వింటుంది. రేపు శనివారం వాళ్లింటికి వెళ్లి చెప్పండి. నా పేరు ఎంత చెడినా పర్వాలేదు.

మీరు వెళ్లకపోతే ఆదివారం మళ్లీ లేచి నిలబడతాను. ఈసారి తెలుగులోనే మాట్లాడతాను. దానికి మీరు అర్థం చెప్పనక్కర్లేదు.