టేపు కొలతన జరిగిన కుర్చీ

అమ్మా, ఇక్కడ అందరం కులాసా. కంగారుపడకు, ఇది మంచి కబురే.

నీ మనవరాలు నిన్న రోజంతా బడిలో నేను లేకుండా ఉంది! మొదట్లో నీ మాట విని దాని కళ్లుగప్పి జారుకున్నాను. ఆ తర్వాత నెల్లాళ్లు అది నా కొంగు వదిలితే ఒట్టు. బడి పేరెత్తితే కడుపునొప్పి, వాంతులు. అది మొండితనం కాదు, ఎడబాటు భయమనే జబ్బని డాక్టరమ్మ చెప్పింది. రోజుకి కాస్త దూరం జరగమంది, చెప్పకుండా మాత్రం కదలొద్దంది. కుట్టుపనిదాన్ని కదా, తరగతి గుమ్మం నుంచి నా కుర్చీని రోజుకో టేపు పొడవు వెనక్కి జరిపాను. కొలిచేది నీ మనవరాలే. పద్దెనిమిదో రోజుకి గేటు దగ్గర తేలాను. నిన్న తనే ఆ టేపు చుట్టి నా సంచిలో పడేసి, "ఇంక కొలవక్కర్లేదమ్మా, కొట్టుకెళ్లు. గంట కొట్టేసరికి వచ్చెయ్" అంది.

నాన్న మోకాలు ఎలా ఉంది? ఎవరైనా ఇటు వస్తుంటే నా పాత కత్తెర పంపు. నువ్వొచ్చినప్పుడు మాత్రం పిల్ల నిద్రపోతుండగా వెళ్లిపోకు, చెప్పి బయల్దేరు.

నాన్నకు నమస్కారాలు. పక్కనే కూర్చుని, ఇది కూడా రాయమంటోంది నీ మనవరాలు: "అమ్మమ్మా, అమ్మ గేటు దగ్గర కాసేపు ఏడ్చింది. ఏం ఫర్వాలేదు, మెల్లిగా అలవాటవుతుంది."