కొబ్బరినూనె పూసిన చంద్రుడు

ఫిబ్రవరి 20
టెలిస్కోపు ఇంటికొచ్చింది. కావలిలో రిటైరైన మాస్టారు వాడి వదిలేసినది. మధ్యాహ్నమంతా మా ఆయన దాన్ని తుడుస్తూనే ఉన్నారు. పొద్దుగూకగానే నెలవంక మీదికి తిప్పాను... అంచు అలుక్కుపోయింది. పక్కకు తోకలా వెలుగు సాగింది. ఎంత సరిచేసినా అంతే.
నాన్నకూ ఇలాగే మొదలైంది. "దీపానికి తోకొచ్చిందమ్మా" అన్నాడు. రెండేళ్లకు దీపమే కనిపించలేదు. మగ్గం పని చేసుకునేదాన్ని, కళ్లు పోతే నాకింకేముంది?

ఫిబ్రవరి 21
సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. అయినా భయం పోలేదు.

ఫిబ్రవరి 22
పక్కింటి రమణక్కకు చూపించాను. "పాల మీద మీగడ కట్టినట్టుండాదే!" అంది. హమ్మయ్య, నా ఒక్కదానికే కాదు!
...అరగంటకు గుర్తొచ్చింది. అక్కకు రెండు కళ్లలోనూ శుక్లాలే. దొరక్క దొరక్క మంచి సాక్షే దొరికింది నాకు.

ఫిబ్రవరి 23
కుదురుగా ఆలోచించాను. కన్ను ఆనించే చిన్న గొట్టాన్ని తిప్పాను — తోక కదల్లేదు. పెద్ద గొట్టాన్నే తిప్పాను — తోకా తిరిగింది! దోషం నా కంట్లో ఉంటే గొట్టంతో పాటు ఎందుకు తిరుగుతుంది?
టార్చి వేసి లోపలికి చూశాను. అడుగున అద్దం మీద, నీళ్లలో డీజిలు తేలినట్టు రంగులు. వేళ్ల చారలు. కొబ్బరినూనె వాసన!
మా ఆయన్ని అడిగాను. "ఉప్పుగాలికి పాడైపోద్ది గదా మే... రవ్వంత పూసినా." ఆయన బాగుచేసే పడవ ఇంజన్లకు, తలుపు గడియకు, నా కత్తెరకు — అన్నిటికీ అదే వైద్యం. తిట్టాలనే లేచాను. నవ్వొచ్చింది, వెనకే ఏడుపు. పాపం, బిత్తరపోయారు.

ఫిబ్రవరి 24
మా బోరు నీళ్లు ఆరితే ఉప్పు మరకలు. ఆయనే బ్యాటరీల కొట్టు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చారు. గిన్నెల సబ్బు ఒక్క చుక్క. అద్దాన్ని ఊడదీసి నానబెట్టి, తడి దూదిని రుద్దకుండా అద్దం మీద జారనిచ్చి... "నేను పట్టుకోనా?" — "మీరు దూరంగా ఉండండి, అదే చాలు."
సాయంత్రం చూశాను. తోక లేదు. గుంతలు, గుంతల్లో నీడలు — ఎంత తేటగా! "మన అల్లూరు రోడ్డు మాదిరే ఉండాదే" అన్నారాయన. బతికిపోయాను.

ఫిబ్రవరి 25
రమణక్క పక్కనే నిలబడి — "ఎప్పుడూ ఎడమ కన్నే మూస్తావేంది? దాంతో గూడా చూడు మే."
నాన్నకు మొదలైంది ఎడమ కంట్లోనే.
మబ్బు పట్టిందక్కా, రేపు చూద్దాం అన్నాను. గొట్టానికి మూత బిగించాను. అక్క నమ్మింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.