కోడలి తరఫు సాక్ష్యం

ఆళ్లగడ్డ, బుధవారం రాత్రి

మావాడు కోడలు సునీతకు చెప్పకుండా ఆమె ఫోన్‌లో ఏదో యాప్ పెట్టాడు. ఆమె ఎక్కడికి వెళ్లినా వాడికి తెలిసిపోతోంది. నిన్న మందుల షాపులో కాసేపు ఆగిందని పెద్ద గొడవ చేశాడు. ఆమె కొన్నది నా బీపీ మాత్రలే.

ఈరోజు సునీత తన ఫోన్‌ను తను పాఠాలు చెప్పే బడిలోనే పెట్టి వచ్చింది. ఇద్దరం నంద్యాల వెళ్లి లాయరమ్మను కలిశాం.

"మొగుడైనా సరే, పెండ్లాం ఒప్పుకోకుండా ఫోన్‌తో వెంటాడేది నేరమేమ్మా. కేసు పెట్టొచ్చు. సాక్ష్యం ఎవరు చెప్తారు?" అని ఆమె అడిగింది.



"నేను చెప్తా. నా కొడుకే తప్పు చేస్తాండాడు," అన్నాను.

పోలీసులకిచ్చే ఫిర్యాదులో వాడి పేరు నేనే చెప్పి రాయించాను. తిరుగు బస్సులో సునీత నా చెయ్యి వదల్లేదు.

పోలీసులు పిలవకముందే వాడికి నేనే చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో...