నారింజ గులాబీ కొన తుంచొద్దు

ఏమయ్యా, నేను ఆళ్లగడ్డ బస్సుకు పోతున్నాను. రేపు మధ్యాహ్నం అక్కను వెంటబెట్టుకొని వస్తాను. అన్నం, పప్పు వండి పెట్టాను. పెరుగు ఫ్రిజ్‌లో ఉంది.

నారింజ గులాబీ మొదలుకు సాయంత్రం చెంబెడు నీళ్లు పోస్తే చాలు. అంతకుమించి దాని జోలికి పోవద్దు. "కొన తుంచితే గుబురుగా వస్తాదిలే, నీకేం తెలుసే" అంటూ నిన్న శనగచేలో తుంచినట్టు రెండు కొనలు తుంచేశావు. మొగ్గలుండేది ఆ కొనల్లోనే కదయ్యా! కొమ్మకు ఒకటే పూసే జాతి అది. నలభై ఏళ్లు శనగ పండించినవాడి కంటికి గులాబీ కూడా శనగే. ఇప్పుడు గోడవైపు ఒక్క మొగ్గ మిగిలింది. రేపటికి విచ్చుకుంటుంది.

ఆ మొక్క అక్క ఇచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఏమే, నా మొక్క బతికిందా, చంపినావా?" అని అడుగుతుంది. ఎల్లుండి మన ఇంటి నుంచే కూతురితో పూనా పోతోంది, ఇక అక్కడే ఉంటుంది. మా అక్కచెల్లెళ్లిద్దరికీ డెబ్బై దాటాయి. మా అన్న ఊరు విడిచిన రోజు నేను పొయ్యి దగ్గరే ఉండిపోయాను. బయటికొచ్చేసరికి బస్సు లేపిన దుమ్మే కనబడింది. మళ్లీ అన్నను చూడలేదు. ఈసారి ఆ పువ్వు అక్క చేతిలో పెట్టి, బండి కనబడినంత దూరం చూస్తూ నిలబడాలి.

రాయడం మరిచాను. ఆ రెండు మొగ్గలు పురుగు తినేసిందని అక్కకు చెప్పాను. నువ్వు నోరు జారొద్దు.